మనకంటూ ఒక గంట



కొత్త సంవత్సరం వచ్చిందంటే మన ఇళ్లలోకి డైరీలు వస్తాయి. బ్యాంకు వాళ్లిచ్చింది ఒకటి, మందుల కంపెనీ వాళ్లిచ్చింది ఒకటి, ఎవరో చుట్టాలు తెచ్చింది ఇంకొకటి. జనవరి ఒకటో తారీకు పేజీ నిండా రాత ఉంటుంది. రోజూ నడవాలి, చేబదులు తీర్చెయ్యాలి, ఇంగ్లీషు నేర్చుకోవాలి, స్థలంలో పునాది వేయించాలి. రెండో వారానికి రాత పలచబడుతుంది. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చాక ఆ డైరీ తెరిచేవాళ్లు తక్కువ. ఎండలు ముదిరేసరికి అది పాల లెక్కకో, ఇస్త్రీ బట్టల లెక్కకో పనికొస్తుంది.

అప్పుడు మనల్ని మనమే తిట్టుకుంటాం. ఆరంభశూరులం అంటాం. బళ్లో చదువుకున్న భర్తృహరి సుభాషితం గుర్తొస్తుంది. ఆటంకాలకు జడిసి పని మొదలే పెట్టనివాళ్లు, మొదలుపెట్టి ఆటంకం రాగానే వదిలేసేవాళ్లు, ఎన్ని అడ్డొచ్చినా చివరిదాకా తీసుకుపోయేవాళ్లు అని మనుషుల్ని మూడు రకాలుగా చెప్పిన పద్యం అది. ఏనుగు లక్ష్మణకవి తెలుగులో దాన్ని వల్లెవేసిన తరాలు మనవి. ఆ పద్యం మీద నాకు చాలా గౌరవం. కానీ ఆ మూడు రకాలూ పుట్టుకతో వచ్చే గుణాలన్నట్టు మనం అర్థం చేసుకున్నామేమోనని నా అనుమానం. ఒకే మనిషి ఉద్యోగంలో మూడో రకం, సొంత పనుల్లో రెండో రకం కావడం రోజూ చూస్తూనే ఉన్నాం. ఆఫీసులో ఫైళ్లన్నీ వేళకు ముగించే పెద్దమనిషి తన షుగరు పరీక్షను నెలల తరబడి వాయిదా వేస్తాడు. తరగతి మొత్తానికి సిలబసు వేళకు పూర్తి చేసే టీచరమ్మ, తను రాద్దామనుకున్న కథ మొదటి పేజీ దాటదు. వీళ్లకు పట్టుదల లేదని ఎలా అంటాం? ఆఫీసు పనికి సోమవారం మీటింగు ఉంది. సిలబసుకు యూనిట్ పరీక్ష ఉంది. సొంత పనికి అలాంటి వేళ లేదు. డైరీలో లక్ష్యం రాసుకున్నాం. ఆ డైరీ మళ్లీ ఏ రోజు, ఏ గంటకు తెరుస్తామో రాసుకోలేదు. ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది ఆ గంట గురించి.

కొత్త రోజు మొదలవగానే మనసుకు హుషారు రావడం మన ఒక్కరి లక్షణం కాదు. అమెరికాలో హెంగ్‌చెన్ డాయ్, కేథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ అనే ముగ్గురు పరిశోధకులు 2014లో దీన్ని లెక్కలతో చూపించారు. వారం మొదట్లో, నెల మొదట్లో, ఏడాది మొదట్లో, కళాశాల కొత్త సెమిస్టరు మొదట్లో జనం వ్యాయామశాలకు ఎక్కువగా వెళ్తారు, ఆహార నియమాల కోసం ఇంటర్నెట్‌లో ఎక్కువగా వెతుకుతారు. ఈ హుషారు మంచిదే, కానీ అది తనంతట తాను నిలవదు. మన ఉగాదిని చూడండి. పంచాంగ శ్రవణంలో సిద్ధాంతిగారు రాశులవారీగా ఆదాయం ఎంత, వ్యయం ఎంత, రాజపూజ్యం ఎంత, అవమానం ఎంత అని చదువుతుంటే చెవులు రిక్కించి వింటాం. అదే సాయంత్రం మన ఇంటి ఆదాయవ్యయాలు కాగితం మీద పెట్టుకుంటే ఎంత బాగుంటుంది! పండగపూట ఇంట్లో అందరూ ఉంటారు. మాట్లాడుకోవడానికి అంతకంటే మంచి రోజు ఏడాదిలో మళ్లీ దొరకదు.

పంచాంగంలోనే ఇంకో సంగతి ఉంది. అది రైతులకు బాగా తెలుసు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే కాలాన్ని కార్తె అంటాం. ఏడాదికి 27 కార్తెలు. ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. మే నెల చివర్లో రోళ్లు పగిలే రోహిణి, జూన్ మొదటి వారం దాటగానే మృగశిర, ఆ తర్వాత ఆరుద్ర. మృగశిర వచ్చిందంటే దుక్కి అయ్యిందా, విత్తనం ఇంటికి చేరిందా, కూలీలను ఎవర్ని పిలవాలి అన్న మాట రచ్చబండ దగ్గర దానంతటదే వచ్చేది. వాన పడకపోతే ఏం చేయాలో కూడా అక్కడే తేలేది. అంటే రైతు ఏడాదికొకసారి సంకల్పం చెప్పుకుని ఊరుకోలేదు. రెండు వారాలకొకసారి ఆగి, చేను చూసి, ఆకాశం చూసి, తర్వాతి రెండు వారాల పని తేల్చుకున్నాడు. వేళ కాలమే నిర్ణయించింది. ఇప్పుడు జీతాల మీద బతికే మనకు నెలంతా ఒకేలా ఉంటుంది. ఆగి చూసుకోమని చెప్పే కార్తె ఏదీ మన ఆఫీసు క్యాలెండరులో లేదు.

మన కళ్ల ముందే ఉన్న ఇంకో ఉదాహరణ చెబుతాను. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ప్రణాళిక అనగానే పెద్ద చదువులు, పెద్ద కంపెనీలు గుర్తుకు తెచ్చుకుంటాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. దాని వెనకే నెల్లూరులో పొదుపు లక్ష్మి అనే పొదుపు కార్యక్రమం వచ్చింది. రోజుకొక రూపాయి దాచుకోవడం దాని మొదటి పాఠం. ఆ దారిలోనే మన పల్లెలన్నిటా డ్వాక్రా సంఘాలు అల్లుకున్నాయి. పది పదిహేను మంది ఆడవాళ్లు ఒక సంఘం. ఈ సంఘాలకు పంచసూత్రాలు అని ఉన్నాయి. క్రమం తప్పకుండా సమావేశం కావడం, క్రమం తప్పకుండా పొదుపు చేయడం, ఆ డబ్బును తమలో తాము అప్పుగా ఇచ్చుకోవడం, వేళకు తిరిగి కట్టడం, పుస్తకాలు సరిగా రాయడం. డబ్బు కోసం పుట్టిన సంఘంలో మొదటి సూత్రం డబ్బు కాదు, సమావేశం. ఫలానా రోజు, ఫలానా వేళ, ఫలానా వాళ్ల అరుగు మీద కూర్చోవాలి. పొదుపు, అప్పు, లెక్క అన్నీ ఆ కూర్చోవడం మీదే ఆధారపడ్డాయి.

బ్యాంకు రుణం తీసుకునే ముందు ఈ సంఘాలు సూక్ష్మ రుణ ప్రణాళిక ఒకటి వేసుకుంటాయి. ఒక్కో సభ్యురాలి ఇంటికి వచ్చేదెంత, పోయేదెంత, పాత బాకీలెన్ని, ఇప్పుడు కావలసిందేమిటి అని వరసగా రాస్తారు. ఒకామెకు గేదె, ఒకామెకు కుట్టు మిషను, ఇంకొకామెకు కొడుకు ఫీజు. ఎవరి అవసరం ముందో అందరూ కలిసి తేల్చుకుంటారు. తీర్మానాల పుస్తకంలో ఎక్కిస్తారు. వచ్చే సమావేశంలో గేదె కొన్నావా అని అడిగేవాళ్లు పదిమంది ఉంటారు. ఈ ఆడవాళ్లలో చాలామంది మొదట్లో వేలిముద్ర వేసినవాళ్లే. వాళ్లు లక్ష్యసాధన మీద ఏ పుస్తకమూ చదవలేదు. కానీ వాళ్ల దగ్గర మనకు లేనిది ఒకటి ఉంది: తప్పించుకోవడానికి వీల్లేని ఒక తారీకు.

ఇక్కడ ఒక మాట. వ్యక్తిత్వ వికాస తరగతుల్లో తరచుగా వినిపించే కథ మీరూ విని ఉంటారు. 1953లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకున్న వాళ్లలో నూటికి ముగ్గురు మాత్రమే తమ లక్ష్యాలు రాసుకున్నారట, ఇరవై ఏళ్ల తర్వాత ఆ ముగ్గురి సంపాదన మిగిలిన తొంభై ఏడుగురి సంపాదనను మించిపోయిందట. ఈ కథను మన పిల్లలకు ఎందరో చెప్పారు, ఇప్పటికీ చెబుతున్నారు. 1996లో ఫాస్ట్ కంపెనీ అనే అమెరికన్ పత్రిక ఆరా తీస్తే అలాంటి పరిశోధన జరిగిన ఆనవాలే దొరకలేదు. పిల్లలకు చెప్పే మాట నిజమై ఉండాలి. రాసుకుంటే కోటీశ్వరులమవుతామని నమ్మిన పిల్లవాడు, రాసుకున్నా ఏమీ జరగకపోతే లోపం తనలోనే ఉందనుకుంటాడు.

నిజంగా జరిగిన పరిశోధనలు ఇంతకంటే విలువైన సంగతి చెబుతున్నాయి. జర్మనీలో పీటర్ గోల్విట్జర్, వెరోనికా బ్రాండ్‌స్టాటర్ 1997లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. క్రిస్మస్‌కు ముందు రోజు ఎలా గడిచిందో ఆ తర్వాతి రెండు రోజుల్లోగా రాసి పంపమని విద్యార్థులకు చెప్పారు. సగంమందిని మాత్రం ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే నిర్ణయించుకోమన్నారు. అలా నిర్ణయించుకున్న వాళ్లలో దాదాపు ముప్పాతిక వంతు పంపారు. మిగిలిన వాళ్లలో మూడోవంతు. రాయాలన్న కోరిక రెండు గుంపులకూ ఉంది. తేడా అంతా ఆ వేళ, ఆ చోటు. మన డ్వాక్రా అక్కచెల్లెళ్లు అరుగు మీద చేస్తున్నది కూడా ఇదే.

సరే, వారానికొకసారి ఆ గంటలో కూర్చుని ఏం చేయాలి? ముందు గడిచిన వారాన్ని చూడాలి. అనుకున్నది కాదు, జరిగింది. మేనేజ్‌మెంట్ రచయిత పీటర్ డ్రక్కర్ 1967 నాటి పుస్తకంలో, ప్రణాళికతో మొదలుపెట్టవద్దు, మీ కాలం నిజంగా ఎటు పోతోందో రాసి చూడటంతో మొదలుపెట్టండి అన్న అర్థంలో సలహా ఇచ్చాడు. మన జ్ఞాపకం ఈ విషయంలో నమ్మదగింది కాదు. రోజుకు అరగంట ఫోను చూస్తున్నామనుకుంటాం, ఫోనులోనే ఉన్న లెక్క తెరిచి చూస్తే తెలుస్తుంది. ఈ చూపులో నింద పెట్టుకోవద్దు. షావుకారు రాత్రి గల్లాపెట్టె లెక్కపెట్టి చిట్టాలో ఎక్కించినట్టు, వచ్చింది వచ్చినట్టు, పోయింది పోయినట్టు రాసుకుంటే చాలు.

తర్వాత ముందున్న వారం. ఇక్కడే మనం ఎక్కువగా పొరబడతాం, అదీ అందరం ఒకే వైపుకు. ప్రతి పనికీ పట్టే కాలాన్ని తక్కువగా అంచనా వేస్తాం. డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్స్కీ 1979లో ఈ బలహీనతకు పేరు పెట్టి వివరించారు. 1994లో కెనడాలో రోజర్ బ్యూలర్, అతని సహచరులు పరిశోధన వ్యాసం రాస్తున్న విద్యార్థులను ఎప్పటికి పూర్తవుతుందని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ ఎదురు తిరిగినా ఎంత పడుతుందంటే 49 రోజులన్నారు. నిజానికి పట్టింది 55 రోజుల పైమాటే. అన్నిటికంటే చెడ్డ రోజుల్ని ఊహించుకుని చెప్పిన అంచనాను కూడా వాస్తవం దాటిపోయింది. ఇల్లు కట్టినవాళ్లకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. శ్రావణంలో గృహప్రవేశం అనుకున్నది మాఘానికి జరగడం మనకు మామూలే.

దీనికి మందు ఉంది. రాబోయే పనిని ఊహించడం ఆపి, ఇలాంటి పని కిందటిసారి ఎన్ని రోజులు పట్టిందో గుర్తు చేసుకోవాలి. పుస్తకంలో ఒక పాఠం చదవడానికి పోయిన వారం మూడు రాత్రులు పట్టిందంటే, ఈ వారం ఒక రాత్రిలో రెండు పాఠాలు అవుతాయని రాసుకోవద్దు. వారం వారం కూర్చునేవాళ్లకు ఈ కిందటిసారి లెక్క చేతిలో ఉంటుంది. ఏడాదికొకసారి సంకల్పించేవాళ్లకు అది ఉండదు. వారానికొక గంట అని నేను ఇంతగా పట్టుబట్టడానికి ముఖ్యమైన కారణం ఇదే. మన గురించి మనకు నిజమైన కొలత ఒకటి మెల్లగా తయారవుతుంది. నాలుగు నెలలు గడిచేసరికి, నేను వారానికి ఎంత చేయగలను అన్న ప్రశ్నకు మీ దగ్గర ఊహ ఉండదు, లెక్క ఉంటుంది.

ఆ లెక్క చేతికొచ్చాక పనులు తగ్గించుకోక తప్పదు. పది రాసుకున్న వారంలో రెండే అవుతున్నాయని తెలిసినప్పుడు, ఆ రెండూ ఏవో ఎంచుకోవడం మన చేతిలోకి వస్తుంది. ఎంచుకోకపోతే ఎవరు గట్టిగా అడిగితే వాళ్ల పని అవుతుంది, మనది మిగిలిపోతుంది. ఎంచుకున్న దాన్ని రాసే తీరు కూడా చెబుతాను. పెళ్లితో చదువు ఆగిపోయిన ఒక చెల్లెలు సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీకి చేరిందనుకుందాం. 1982లో హైదరాబాదులో పుట్టిన ఆ విశ్వవిద్యాలయం అలాంటివాటిలో దేశంలోనే మొట్టమొదటిది, ఇప్పుడు అంబేద్కర్ పేరుతో ఉంది. ఇలాంటి వాళ్ల కోసమే అది పెట్టారు. ఆమె డిగ్రీ పూర్తి చేయాలి అని రాసుకుంటే అది కోరిక. బుధవారం రాత్రి ఎనిమిదిన్నరకు, పిల్లలు హోంవర్కు చేసుకునే బల్ల దగ్గరే కూర్చుని, చరిత్ర పుస్తకం రెండో పాఠం చదవాలి అని రాసుకుంటే బుధవారం ఎనిమిదిన్నర కాగానే చేయి పుస్తకం మీదికి వెళ్తుంది.

ఇలా రాసుకోవడం వల్ల ఇంకో మేలు ఉంది. మొదలుపెట్టి ఆగిన పనులు మనసులో గొణుగుతూనే ఉంటాయి. పూజలో కూర్చున్నా, బస్సులో కూర్చున్నా గుర్తొస్తాయి. 2011లో మసికాంపో, బామైస్టర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక సంగతి గమనించారు. ఆ పని పూర్తి కాకపోయినా ఫరవాలేదు, ఎప్పుడు ఎలా చేస్తామో స్పష్టంగా నిర్ణయించుకుంటే చాలు, అది మిగతా పనులకు అడ్డు రావడం మానేస్తుంది. రాత్రి పడుకున్నాక రేపటి పనులన్నీ తల చుట్టూ తిరిగేవాళ్లు ఈ మాట పరీక్షించి చూడండి.

గంట ఎప్పుడు పెట్టుకోవాలన్నది మీ ఇంటి సంగతి. ఆదివారం పొద్దున్నే టిఫిన్ల హడావిడి, మధ్యాహ్నం చుట్టాలు. శనివారం సాయంత్రం గుడికి వెళ్లి వచ్చాక కొందరికి కుదురుతుంది. షిఫ్టు పని వాళ్లకు సెలవు రోజు మారుతూ ఉంటుంది కనుక, సెలవు ఎప్పుడైతే అప్పుడు నిద్ర లేచాక మొదటి గంట అనుకోవచ్చు. ఏదైనా ఒకటి నిర్ణయించాక దాన్ని కాపాడాలి. గాంధీగారు సోమవారాలు మౌనం పాటించేవారు. ఆ రోజు ఉత్తరాలు, రాతపని ముందుకు సాగేవి. 1947 జూన్ 2 సోమవారం అయింది. దేశ విభజన ప్రణాళిక మీద వైస్రాయి మౌంట్‌బాటన్ ఆయన్ను పిలిపించారు. గాంధీగారు వెళ్లారు. మౌనం మాత్రం వదల్లేదు. చెప్పదలచుకున్నది వాడేసిన కవర్ల వెనక పెన్సిలుతో రాసి చూపించారు. మనకు వచ్చే ఫోన్లు వైస్రాయి దగ్గర నుంచి రావు కదా! ఆ గంటసేపు తర్వాత మాట్లాడతానని చెబితే అర్థం చేసుకోని స్నేహితుడు ఉండడు.

ఒక వారం తప్పితే? తప్పుతుంది. పెళ్లిళ్లు, జ్వరాలు, పరీక్షలు ఉంటాయి. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 2010లో, కొత్త పని అలవాటుగా మారడానికి ఎంత కాలం పడుతుందో కొలిచింది. సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, కొందరికి 254 రోజుల దాకా పడుతుందని లెక్క తేలింది. మధ్యలో ఒకసారి తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదు. కనుక తప్పిన వారానికి ప్రాయశ్చిత్తం అక్కర్లేదు. రెండు గంటలు కూర్చుని భర్తీ చేయాలనీ లేదు. తర్వాతి వారం మామూలుగా కూర్చోవడమే.

ఇంత చెప్పాక, నా మనసులో బరువుగా ఉన్న విషయం దగ్గరికి వస్తాను. ఈ గంట అందరికీ సమానంగా దొరకదు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా జనం కాలాన్ని ఎలా గడుపుతున్నారో సర్వే చేసింది. వంట, తోమడం, ఉతకడంలాంటి జీతం లేని ఇంటి పనుల్లో ఆడవాళ్లలో నూటికి 81 మంది, మగవాళ్లలో నూటికి 26 మంది పాలుపంచుకుంటున్నారని అప్పుడు తేలింది. అలా పాలుపంచుకున్న ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, అంటే దాదాపు అయిదు గంటలు అందులో గడిపారు. మగవాళ్లు 97 నిమిషాలు. ఈ లెక్క ముందు పెట్టుకుని, కాలాన్ని చక్కగా వాడుకో అని ఒక గృహిణికి చెప్పడం న్యాయం కాదు. ఆమె కాలం ఇప్పటికే ఇంకొకరి ప్రణాళికలో ఉంది.

ప్రణాళిక ఆమెకు రాదని ఎవరూ అనలేరు. వంటింటి గోడ మీద తెలుగు క్యాలెండరు చూడండి. గ్యాసు బండ పెట్టిన రోజు, పాలు రాని రోజు, పిల్లాడి ఫీజు గడువు, అత్తగారి బీపీ మాత్రలు అయిపోయే రోజు, చీటీ కట్టే తారీకు, ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షను. ఇల్లంతా ఆ గడుల్లో నడుస్తోంది. ఆ గడుల్లో ఆమె సొంత పని ఒక్కటైనా ఉందేమో వెతకండి. ఆమె కంటి పరీక్ష, ఆమె చదువు, ఆమె నేర్చుకోవాలనుకున్న వీణ, ఆమె తన పేరు మీద వేసుకోవాలనుకున్న డిపాజిట్టు.

అందుకే వింటున్న మగవాళ్లకు నాదొక మనవి. మీ గంట మీరు పెట్టుకునే ముందు ఇంట్లో ఆవిడ గంట ఏదో తేల్చండి. ఆ గంటలో పొయ్యి మీద ఏం ఉందో మీరు చూసుకోవాలి. పెద్దవాళ్లకు కాఫీ మీరు ఇవ్వాలి. పిల్లలు అమ్మా అని పిలిస్తే మీరు పలకాలి. నాన్న పలకడం మొదట్లో పిల్లలకు వింతగా ఉంటుంది, నాలుగు వారాలకు అలవాటవుతుంది. అమ్మాయిలున్న ఇంట్లో ఇది మరీ అవసరం. అమ్మకు తనదంటూ ఒక గంట ఉందని చూస్తూ పెరిగిన పిల్ల, రేపు తన ఇంట్లో దాన్ని అడగడానికి సంకోచించదు. ఆ గంట ఏ రోజో, ఎన్నింటికో ఇవాళ రాత్రి భోజనాల దగ్గర మాట్లాడుకోండి. క్యాలెండరులో ఆ గడి మీద ఆమె పేరు రాయండి.